మీరు రికార్డు చేసిన శబ్దాలను నలుగురికీ పంచడం, పేర్లు సరిగ్గా చెప్పడం ఎలా

తెల్లవారుజామున 5 గంటలకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే రెండు చెవులూ చాలవు. మరబోట్లు జెట్టీకి ఆనుతున్న చప్పుడు, ఐసు గడ్డలు పగలగొడుతున్న మోత, కాకుల గోల, వీటన్నిటి పైన చేపల వేలం పాడే ఆడవాళ్ళ గొంతులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో వెళ్ళండి, ఇందులో సగం కూడా వినపడదు. అలాంటి శబ్దాలు మన చుట్టూ బోలెడున్నాయి. కొందరు ఫోన్లో రికార్డు చేసుకుంటారు కూడా. కానీ అవి ఫోన్లోనే ఉండిపోతాయి, లేదా పేరూ ఊరూ లేకుండా వాట్సాప్‌లో తిరుగుతాయి. ఫోన్లో ఉన్నది ఎవరికీ అందదు. వాట్సాప్‌లో తిరిగేదాన్ని వాడుకోవాలంటే ఎవరిని అడగాలో తెలియదు.

ఈ సంగతి నాకు ఒక నాటకం వల్ల తెలిసొచ్చింది. ఆరేళ్ళ కిందట మా కాలనీ పిల్లల నాటకానికి వాన చప్పుడు కావాల్సి వచ్చి నెట్‌లోంచి ఒకటి దించుకున్నాను. ఎవరు రికార్డు చేశారో, ఏ షరతు మీద ఇచ్చారో రాసుకోలేదు. నాటకం వీడియో అందరికీ పెడదామనుకున్న రోజున ఎంత వెతికినా ఆ ఫైలు ఎక్కడిదో దొరకలేదు. చివరికి ఆ చప్పుడు తీసేసి, తుపాను రోజుల్లో మా మేడ మీది రేకుల మీద పడే వానను నేనే రికార్డు చేసి పెట్టాను. ఆ వాన ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. అలా వాడుకోగలిగేలా ఒక శబ్దాన్ని బయట పెట్టడానికి ఏమేం చేయాలో, ఇతరుల శబ్దం మనం వాడుకున్నప్పుడు పేరు ఎలా చెప్పాలో వరసగా రాస్తున్నాను.

బటన్ నొక్కే ముందు: ఇది ఎవరిది?

చాలామంది లైసెన్సు (ఎవరు, ఏ షరతు మీద వాడుకోవచ్చో చెప్పే అనుమతి) సంగతి అప్‌లోడ్ చేసేటప్పుడు ఆలోచిస్తారు. అప్పటికే ఆలస్యం. ఆ గొంతు గల మనిషి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది, ఆవిడ పేరు మనకు గుర్తుండదు.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు కర్త దాని నిర్మాత. అంటే, పూనుకొని, బాధ్యత తీసుకొని రికార్డు చేసినవారు. మీ ఫోన్లో మీరు చేసిన రికార్డింగుకు మీరే నిర్మాత. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రికార్డు అయిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. ప్రచురించాక 60 ఏళ్ళు నడుస్తుంది. అయితే అందులో పాడినవారికి, వాయించినవారికి వేరే హక్కు ఉంది. దాన్ని ప్రదర్శకుల హక్కు అంటారు, అది 50 ఏళ్ళు. ఇక ఆ పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి వాళ్ళ జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది.

కాబట్టి ఒకే ఫైల్లో మూడు నాలుగు పొరలు ఉండొచ్చు. ఆర్కే బీచ్‌లో అలల చప్పుడు అయితే ఒకటే పొర, అది మీది. మీ అమ్మమ్మ పాడే జోలపాట అయితే రెండు: రికార్డింగు మీది, పాడిన తీరు అమ్మమ్మది. పాట తరతరాలుగా వస్తున్నదైతే దాని మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. సినిమా పాటను మీ చెల్లెలు ఎంత బాగా పాడినా దాన్ని మీరు ఓపెన్ లైసెన్సు కింద, అంటే ఎవరైనా వాడుకోవచ్చని, ఇవ్వలేరు, ఎందుకంటే పాట మీ ఇద్దరిదీ కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అన్నమయ్య సంకీర్తనల సాహిత్యం 15వ శతాబ్దం నాటిది, దానిపై హక్కుల ప్రశ్నే లేదు. కానీ ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. బాణీ కట్టినవారు కాలం చేసి 60 ఏళ్ళు దాటకపోతే ఆ బాణీ మీద హక్కు ఇంకా ఉన్నట్టే. మాటలు పాతవి కదా అని ధైర్యం చేయొద్దు. మీకు మీరుగా బాణీ కట్టుకొని పాడితే ఏ ఇబ్బందీ లేదు.

ఇంకో మాట. విశాఖ నౌకాదళం ఊరు. నేవీ ప్రాంగణాల దగ్గర, పోర్టు లోపల రికార్డరు బయటకు తీయకండి. ఓడ కూత కావాలంటే బీచ్ రోడ్డు మీద నిలబడినా వినపడుతుంది.

మనిషిని అడగడం

చెట్టునూ సముద్రాన్నీ అడగక్కర్లేదు. మనిషి గొంతు గుర్తుపట్టేలా వినపడుతుంటే మాత్రం అడగాలి. చట్టం కోసమే అని అనుకోకండి, అది మర్యాద.

హార్బర్లో నేను మొదటిసారి రికార్డరు తీసినప్పుడు వేలం పాడుతున్న ఒక పెద్దావిడ పాట ఆపి, "ఏటి బాబూ ఆ మిషను? మా అరుపులెందుకు నీకు?" అంది. చెప్పాను. "అమ్మా, ఈ హార్బర్ చప్పుడు దాచిపెడుతున్నాను. నెట్‌లో పెడతాను, ఎవరైనా వినొచ్చు, వాళ్ళ వీడియోల్లో వాడుకోవచ్చు కూడా. డబ్బు సంపాదించేవాళ్ళూ వాడుకోవచ్చు. మీ పేరు రాయమంటే రాస్తాను, వద్దంటే రాయను. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదు." ఆవిడ కాసేపు ఆలోచించి, "పేరు రాయి. మా పేట పేరు కూడా రాయి" అంది. ఆ తర్వాతే కోనాం చేప తోక పట్టి ఎత్తి మళ్ళీ పాట అందుకుంది.

ఆ నాలుగు మాటలూ తప్పకుండా చెప్పండి: ఎక్కడ పెడతారు, ఎవరు వాడుకోవచ్చు, డబ్బుకి కూడా వాడతారా, వెనక్కి తీసుకోలేరు. చివరి రెండూ చెప్పకుండా తీసుకున్న అనుమతి పూర్తి అనుమతి కాదు. వాళ్ళు ఒప్పుకున్న మాటను కూడా అదే రికార్డరులో రికార్డు చేసి పెట్టుకోండి. కాగితం మీద సంతకం అంటే కొందరికి టెన్షన్, నోటిమాటకు ఎవరూ బెదరరు. అయితే ఆ భాగాన్ని బయట పెట్టకూడదు, మీ దగ్గరే ఉంచుకోవాలి.

తప్పెటగుళ్ళు, జముకుల కథ లాంటి జానపద కళలు రికార్డు చేస్తే గురువుగారిని ఒక్కరినే అడిగి వచ్చేయొద్దు. బృందంలో ప్రతివారి పేరూ, వాయించిన వాద్యమూ, ఊరూ రాసుకోండి. పేరు ఎలా రాయమంటారని అడగండి. కొందరు ఇంటిపేరుతో అంటారు, కొందరు బృందం పేరు చాలంటారు. వాళ్ళు అదే కళ మీద బతుకుతున్నారు. రికార్డింగు బయటికి వెళ్తే వాళ్ళ ప్రదర్శనలకు లాభమో నష్టమో వాళ్ళకే తెలుస్తుంది. వద్దంటే మానేయండి.

రికార్డు చేయడం

ఖరీదైన మైకు అక్కర్లేదు, ఫోను చాలు. రికార్డరు యాప్ సెట్టింగుల్లో వేవ్ ఫార్మాట్ ఉంటే అది ఎంచుకోండి. చాలా ఫోన్లు మామూలుగా ఎం4ఎలో కుదించి దాస్తాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియోలో నిమిషానికి సుమారు 17 ఎంబీ అవుతుంది, కాబట్టి ముందే ఫోన్లో ఖాళీ చూసుకోండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. నాయిస్ సప్రెషన్ లాంటిది ఉంటే ఆపేయండి, అది అలల చప్పుడును గోలనుకొని మింగేస్తుంది.

మన ఊళ్ళో అసలు శత్రువు గాలి. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కంటే తొందరగా వేడెక్కుతుంది, సముద్రం మీది గాలి ఒడ్డుకు లాగుతుంది. మధ్యాహ్నం రుషికొండలో రికార్డు చేస్తే అల కంటే మైకు మీద గాలి కొట్టిన చప్పుడే ఎక్కువ ఉంటుంది. సూర్యోదయానికి ముందు వెళ్ళండి. గాలికి వీపు పెట్టి నిలబడండి, మీ ఒళ్ళే అడ్డం. మైకుకి స్పాంజి తొడుగు లేకపోతే పలచటి సాక్సు తొడిగినా కొంత నయం.

మీటరు చూపించే యాప్ అయితే పెద్ద చప్పుడు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. సున్నా తాకితే శబ్దం పగులుతుంది, తర్వాత ఏం చేసినా అతకదు.

బటన్ నొక్కగానే మీ గొంతుతో తేదీ, సమయం, చోటు, ఏం రికార్డు చేస్తున్నారో, ఎవరు ఉన్నారో చెప్పండి. పది సెకన్ల పని. ఏడాది తర్వాత ఫోన్లో వంద ఫైళ్ళు ఉన్నప్పుడు ఆ పది సెకన్లే మిమ్మల్ని ఆదుకుంటాయి. తర్వాత అర నిమిషం కదలకుండా ఆ చోటి మామూలు చప్పుడు పట్టనివ్వండి, ఎడిటింగులో అతుకులకు పనికొస్తుంది.

ఇంట్లో అయితే ఫ్యాను, ఫ్రిజ్జు ఆపండి. ఆపిన ఫ్రిజ్జు మళ్ళీ వేయడం మరిచిపోకుండా ఇంటి తాళాలు దాని మీద పెట్టుకుంటాను నేను. కుక్కర్ విజిల్, రుబ్బురోలు, పోపులో ఆవాలు చిటపటలాడే చప్పుడు, ఇవన్నీ పనికొచ్చేవే. రుబ్బురోలు చప్పుడు వెతుక్కునేవాళ్ళకు అది దొరకడం ఇప్పుడెంత కష్టమో!

శుభ్రం చేయడం

ఆడాసిటీ ఉచిత సాఫ్ట్‌వేర్, ఈ పనికి అది చాలు. మీరు చెప్పిన తేదీ వివరాలూ, అనుమతి మాటలూ కత్తిరించి వేరే ఫైలుగా దాచండి. 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కిందిస్థాయి చప్పుళ్ళను తగ్గించేది) పెడితే గాలి గుబగుబ చాలావరకు పోతుంది. మొదట్లో చప్పుడు మెల్లగా పెరిగేలా, చివర్లో మెల్లగా తగ్గేలా ఒక సెకను ఫేడ్. అన్నిటికంటే పెద్ద చప్పుడు మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉండేలా నార్మలైజ్. నాయిస్ రిడక్షన్ జోలికి ఎక్కువగా పోకండి, గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు అయిపోతుంది.

వెనకాల టీ కొట్టులో సినిమా పాట వినపడుతుందేమో ఒకసారి హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఉంటే ఆ ముక్క తీసేయండి. ఎవరైనా ఫోను నంబరు గట్టిగా చెప్పుకొని ఉంటే అదీ తీసేయండి. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు, అది ఎప్పటికీ అలాగే ఉండాలి. పంచే ఫైలును ఫ్లాక్ ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే నాణ్యత పోకుండా సైజు తగ్గుతుంది.

లైసెన్సు ఎంచుకోవడం

మన పనిని ఇతరులు ఏ షరతు మీద వాడుకోవచ్చో చెప్పే రెడీమేడ్ లైసెన్సులు ఇచ్చే క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే సంస్థ 2001లో అమెరికాలో మొదలైంది. 2002 డిసెంబరులో తొలి లైసెన్సులు వచ్చాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న 4.0 వెర్షన్ 2013లో వచ్చింది. మొత్తం ఆరు లైసెన్సులు, వాటికి తోడు హక్కులన్నీ వదులుకునే సీసీ జీరో. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు. "బై" అంటే పేరు చెప్పాలి. "ఎస్‌ఏ" అంటే నా దాన్ని మార్చి మీరు చేసిన దాన్ని కూడా ఇదే లైసెన్సు కింద ఇవ్వాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడొద్దు. "ఎన్‌డీ" అంటే మార్చి పంచొద్దు.

నా పద్ధతి ఇది. వాన, అలలు, రైలు, కుక్కర్ లాంటివి సీసీ జీరో కింద ఇచ్చేస్తాను. వాన నేను కురిపించింది కాదు. మనిషి గొంతు ఉన్నదేదైనా సీసీ బై కింద ఇస్తాను, పేరు పోకూడదు కాబట్టి. మీకు వేరేగా అనిపించొచ్చు, ఎంచుకోవాల్సింది మీరే.

ఎన్‌సీ పెట్టేముందు మాత్రం బాగా ఆలోచించండి. మన కష్టంతో ఎవరో డబ్బు చేసుకుంటారని అందరికీ మొదట అదే పెట్టాలనిపిస్తుంది. కానీ ఎన్‌సీ పెట్టిన శబ్దాన్ని వికీపీడియా వ్యాసాలకు బొమ్మలూ శబ్దాలూ దాచే వికీమీడియా కామన్స్ తీసుకోదు, కాబట్టి తెలుగు వికీపీడియా వ్యాసంలోకి రాదు. యాడ్లు వచ్చే చిన్న యూట్యూబ్ చానెల్ నడిపే కుర్రాడు కూడా భయపడి వదిలేస్తాడు. జానపద బృందం వాళ్ళే "మా కళను అమ్ముకోకూడదు" అంటే అప్పుడు ఎన్‌సీ న్యాయమే.

ఎన్‌డీ శబ్దాలకు దాదాపు పనికిరాదు. కారణం ఇదీ: ఈ లైసెన్సుల ప్రకారం ఒక సౌండ్ రికార్డింగును కదిలే బొమ్మకు సమయం కలిపి జతచేస్తే అది మార్పు చేసినట్టే లెక్క. అంటే ఎన్‌డీ శబ్దాన్ని వీడియోలో పెట్టి పంచడానికి లేదు. అదే లెక్కన ఎస్‌ఏ శబ్దాన్ని వీడియోకి జతచేస్తే ఆ వీడియోను కూడా ఎస్‌ఏ కిందే ఇవ్వాలి. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు, షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు ఇది తెలియక ఇబ్బంది పడతారు. ఫార్మాట్ మార్చడం మాత్రం మార్పు కిందికి రాదు. వేవ్‌ను ఎంపీ3 చేసుకోవచ్చు.

ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు. ఫైలు తీసేయొచ్చు గానీ, అప్పటికే దించుకున్నవాళ్ళ హక్కు పోదు. అందుకే అప్‌లోడ్ ముందు ఒక రాత్రి ఆగండి.

ఎక్కడ పెట్టాలి

చప్పుళ్ళకు ఫ్రీసౌండ్ అనే వెబ్‌సైటు మంచిది. బార్సిలోనాలోని పాంపూ ఫాబ్రా విశ్వవిద్యాలయం సంగీత సాంకేతిక బృందం 2005లో మొదలుపెట్టింది. సీసీ జీరో, బై, బై ఎన్‌సీ ఎంచుకోవచ్చు. మనుషులు విని చూశాకే ఫైలు బయటికి వస్తుంది, అందుకని కొంచెం ఆగాలి. ఊరి గురించి, పండుగ గురించి, వాద్యం గురించి వ్యాసాల్లో వాడదగ్గవైతే వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. పాడినవారు వేరే ఉంటే వాళ్ళ అనుమతి ఈమెయిల్ ద్వారా పంపించమని అక్కడివాళ్ళు మిమ్మల్ని అడగొచ్చు. గంటల తరబడి ఉండే కథలకు, హరికథలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటు హాయి.

వివరణ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. "సముద్రం" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ దొరకదు. భీమిలి తీరం, జనవరి, వేకువ, ఆటుపోటు సంగతి, ఏ ఫోనుతో, ఏం ఎడిటింగ్ చేశారు, అన్నీ రాయండి. ఇంట్లో చేసిన రికార్డింగుకు మ్యాపులో ఇంటి చోటు గుర్తు పెట్టకండి, పేట పేరు చాలు. స్నేహితులకు వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడే నాణ్యత తగ్గదు. పంపిన ఫైలు కిందే పేరు, లైసెన్సు టైపు చేయండి.

ఇతరుల శబ్దం వాడినప్పుడు పేరు చెప్పడం

నాలుగు చెప్పాలి: శబ్దం పేరు, చేసినవారు, ఎక్కడిది, ఏ లైసెన్సు. మార్చి ఉంటే ఐదోది, ఏం మార్చారో. ఇలా:

"భీమిలి వేకువ అలలు, రికార్డింగ్: (వారు పెట్టుకున్న పేరు), ఫ్రీసౌండ్ నుంచి (లింకు), సీసీ బై 4.0 (లైసెన్సు లింకు). నిడివి తగ్గించి, గాలి చప్పుడు తీసేశాం."

"సౌండ్ కర్టెసీ: ఇంటర్నెట్" అని రాస్తే అది పేరు చెప్పినట్టు కాదు. "థ్యాంక్స్ టు ఫ్రీసౌండ్" అన్నా చాలదు, ఫ్రీసౌండ్ రికార్డు చేయలేదు కదా. చేసినవారు ఏ పేరు పెట్టుకుంటే అదే రాయాలి, మారుపేరైనా సరే. వాళ్ళు మీ పనిని మెచ్చుకున్నట్టో, మీతో కలిసి చేసినట్టో ధ్వనించకూడదు.

వీడియో అయితే వివరణలో, వీలైతే చివరి పేర్లలో కూడా రాయండి. పాడ్‌కాస్ట్ అయితే నోట్స్‌లో రాసి, ఆఖర్లో నోటితో ఒకసారి చెబితే ఇంకా బాగుంటుంది. స్టేజి నాటకానికి నటీనటుల పేర్లు చదివేటప్పుడే మైకులో చదివేయండి. సీసీ జీరో శబ్దానికి పేరు చెప్పాలన్న నిబంధన లేదు, అయినా నేను చెబుతాను.

దించుకున్న రోజే ఒక షీట్‌లో తేదీ, పేరు, లింకు, లైసెన్సు రాసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పెట్టినవారు తర్వాత లైసెన్సు మార్చినా మీరు తీసుకున్ననాటిదే మీకు వర్తిస్తుంది, కానీ చూపించడానికి ఆధారం ఉండాలి. రెండు మూడు శబ్దాలు కలిపి కొత్తది చేస్తే అన్నిటి షరతులూ కలుస్తాయో లేదో చూడండి. జీరో, బై, బై ఎస్‌ఏ కలిపితే మొత్తం బై ఎస్‌ఏ కింద ఇవ్వాలి. బై ఎస్‌ఏ, బై ఎన్‌సీ మాత్రం కలిపి పంచడానికి కుదరదు.

మీ పేరు చెప్పకుండా ఎవరైనా వాడితే

ముందు మర్యాదగా రాయండి, క్రెడిట్ లైను మీరే రాసి ఇవ్వండి. నాకు ఎదురైన సందర్భాల్లో ఎక్కువమంది తెలియకే చేశారు, అడగ్గానే పెట్టారు. 4.0 లైసెన్సులో ఒక మంచి వెసులుబాటు ఉంది: తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే వాళ్ళ హక్కు మళ్ళీ దానంతటదే వచ్చేస్తుంది.

ఇంకో రకం చిక్కు, మీ శబ్దాన్నే ఎవరో తమదని నమోదు చేసుకొని మీ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ వేయడం. నా రేకుల వానకు ఒకసారి అలా జరిగింది. తేదీ చెబుతున్న నా గొంతుతో ఉన్న అసలు వేవ్ ఫైలు ఉంది కాబట్టి అభ్యంతరం ధైర్యంగా రాశాను, క్లెయిమ్ పోయింది. అసలు ఫైళ్ళు రెండు చోట్ల దాచమనేది ఇందుకే.

చివరి పని

శబ్దం బయటికి వచ్చాక ఎవరి గొంతు ఉందో వాళ్ళకు వినిపించండి. నేను హార్బర్‌కి ఫోను తీసుకెళ్ళి ఆ పెద్దావిడకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. బుట్ట మీద కూర్చొని కళ్ళు మూసుకొని మొత్తం వింది. తర్వాత, రాసిన వివరాలు చదివి వినిపించమంది. చదివాను.

"నా పేరొక్కటే రాశావేటి? ఎనకాల మా తోడికోడలు కూడా పాడతంది, ఇనపడ్లేదా? దాని పేరూ రాయి."

మళ్ళీ విన్నాను. రెండో నిమిషంలో, ఐసు కొట్టే చప్పుడు వెనక, ఇంకో గొంతు ఉంది. నేనే గుర్తుపట్టలేదు. ఆ తోడికోడలి దగ్గరికి వెళ్ళి, మొదట చెప్పాల్సిన ఆ నాలుగు మాటలూ చెప్పి అడిగాను. ఆమె సరేనంది. ఆ సాయంత్రమే వివరణలో రెండో పేరు చేర్చాను.